హేమ పేరు మీద తీసిన పాసు

నేను ఒక ఏడాది కోసమే పుట్టినదాన్ని. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని నా ఒంటి మీదే అచ్చు వేసి లోకంలోకి పంపారు. ఆ గడువు దాటి చాలా ఏళ్ళయింది. అయినా నన్నెవరూ పారేయలేదు. ఒక ఇంట్లో, ఒక పటం వెనక, ముఖం గోడవైపు పెట్టుకుని ఉన్నాను. మనుషులు విలువైన వస్తువుల్ని దాచుకుంటారని మీరనుకుంటూ ఉండవచ్చు. తమను భయపెట్టే వస్తువుల్ని అంతకంటే జాగ్రత్తగా దాచుకుంటారు. నేను ఆ రెండో రకం.

విజయవాడ బయట, హైవే పక్కన, ఒకప్పుడు ‘హర్షవనం’ అని ఒక వినోదాల పార్కు ఉండేది. జెయింట్ వీలు, బుల్లి రైలు, జారుడు గొట్టాలు, కరెంటుతో అలలు పుట్టించే పెద్ద నీళ్ళ కొలను. ఏడాది పొడవునా ఎన్నిసార్లయినా ఆ పార్కుకు వెళ్ళి రావడానికి ఇచ్చే పాసును నేను. గవర్నరుపేట సందులో ఒక ప్రెస్సులో నన్ను అచ్చు వేశారు. ఒక పక్క శుభలేఖలు, ఇంకో పక్క దశదినకర్మ కార్డులు ఆరుతుంటే మధ్యలో నన్నూ నా తోబుట్టువులనూ ఆరబెట్టి, కత్తిరించి, కట్టలు కట్టారు. ముందువైపు తొండంతో నీళ్ళు చిమ్ముతూ నవ్వే ఏనుగు, పక్కన ఫొటో అంటించడానికి ఒక గడి, పేరు రాయడానికి ఒక గీత, ఆ కింద ఒక చిన్న సున్నా. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో షరతులు. ఈ పాసును మరొకరు వాడరాదన్నది వాటిలో మొదటిది. ఆ షరతులు చదివిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆ సున్నా సంగతి కూడా చెప్పాలి. అలల కొలను ఈ చివర మోకాలిలోతు ఉంటే ఆ చివర మనిషిలోతు ఉండేది. మధ్యలో ఎర్ర తాడు కట్టేవారు. పాసు తీసుకునే పిల్లలకు ఈత వచ్చో రాదో కౌంటరు వెనక ఉన్న చిన్న తొట్టిలో పరీక్ష పెట్టేవారు. వస్తే ఆ సున్నాలో నీలం ముద్ర పడేది. ముద్ర ఉన్న పిల్లలు తాడు దాటవచ్చు, లేనివాళ్ళు ఇవతలే ఆడుకోవాలి. ఈ పద్ధతి మీద పార్కు వాళ్ళకు మహా గర్వం. పిల్లల ప్రాణాల పూచీ ఒక ముద్రకు అప్పగించి వాళ్ళు నిశ్చింతగా ఉన్నారు.

కౌంటరులో కట్టలో కూర్చున్న కొద్దిరోజుల్లోనే నాకు మనుషుల లెక్క అర్థమైంది. వచ్చిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న అడుగుతాడు: “కొంటే గిట్టుబాటవుతుందా?” కౌంటరు అమ్మాయిదీ ఒకటే జవాబు: “నాలుగుసార్లొస్తే చాలు సార్. అయిదోసారి నుంచి ఉత్తినే.” ఆ మాట వినగానే మనిషి కళ్ళు పైకి వెళ్తాయి, వేళ్ళు ముడుచుకోవడం మొదలవుతుంది. ఎండాకాలం సెలవుల్లో ఒకసారి, దసరాకి ఒకసారి, బావమరిది వస్తే ఒకసారి. ఇంట్లో ఎవరికైనా జ్వరం రావచ్చునని గానీ, రెండోసారికే విసుగు పుట్టవచ్చునని గానీ ఆ వేళ్ళలో ఎక్కడా ఉండదు. కొన్నవాళ్ళలో ఎక్కువమంది రెండుసార్లు వచ్చి, ఆపైన పాసును సొరుగులో పడేసి మరిచిపోయేవారు. ఆ మరిచిపోయినవాళ్ళ మీదే పార్కు బతికింది.

నన్ను కొన్న శేషగిరి అలా మరిచిపోయే రకం కాదు. అతను బస్సు కండక్టరు. రోజూ పొద్దున కాలేజీ పిల్లల పాసులు, సాయంత్రం ఉద్యోగస్తుల పాసులు చూసి చూసి, పాసు అనే వస్తువు లోతుపాతులన్నీ తనకు తెలుసనుకునే మనిషి. పటమటలో రెండు గదుల వాటాలో భార్య వకుళతో, ఇద్దరు ఆడపిల్లలతో కాపురం. ఆ ఇద్దరూ కవలలు, హేమ, రూప. అచ్చు గుద్దినట్టు ఒకే పోలిక. నిమిషాల తేడాతో పెద్దది కాబట్టి హేమ అక్క అయింది. ఇరుగుపొరుగువాళ్ళూ పంతుళ్ళూ తికమక పడకుండా వకుళ హేమకు రెండు జడలు, రూపకు ఒంటిజడ వేసేది. ఆ ఏర్పాటు లేకపోతే తండ్రి కూడా ఒక్కోసారి ఒకరిని పిలవబోయి ఇంకొకరిని పిలిచేవాడు.

అయిదో క్లాసులో ఉండగా బడివాళ్ళు ఇద్దరినీ ఒకసారి హర్షవనానికి తీసుకొచ్చారు. ఇక ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వేరే మాట లేదు. ప్రతిసారీ ఇద్దరికీ టిక్కెట్లు కొనడం శేషగిరి వల్ల కాదు. రెండు పాసులు కొనడం అసలే కాదు. కొనాలా వద్దా అని మొగుడూ పెళ్ళాం చాలారోజులు తర్జనభర్జన పడ్డారు. ఆ మాటలు తరువాత ఆ ఇంట్లో అన్నిసార్లు తవ్వుకున్నారు కాబట్టి నాకు కంఠతా వచ్చాయి.

“ఒకదానికి కొని ఇంకోదాన్ని ఇంట్లో కూచోబెడితే ఆ ఏడుపు ఎవరు పడతారండీ? అసలు ఆ పాసే వద్దు” అంది వకుళ.

“కొనేది ఒకటే. వెళ్ళేది ఇద్దరూ” అన్నాడు శేషగిరి.

“అదెట్లా?”

“ఒక ఆదివారం ఇది, ఇంకో ఆదివారం అది. ఫొటో ఎవరిదైతే ఏం, ముఖం ఒకటేగా! నేను రోజూ ఎన్ని పాసులు చూస్తాను? పాసు చూస్తాం గానీ, పట్టుకున్నవాళ్ళ ముఖం చూస్తామటే?”

“తప్పు కదండీ.”

“ఇద్దరికీ ఒకే ముఖం ఇచ్చిన దేవుడు ఒక్క టిక్కెట్టు దగ్గర కోప్పడతాడంటావా?”

ఆ మాటకు వకుళ పకపకా నవ్వేసింది. నవ్వడమంటే ఒప్పుకోవడమే. ఆ నవ్వును ఆమె తన జన్మలో క్షమించుకోలేదు.

పాసు హేమ పేరు మీద తీశారు. పెద్దది కావడం ఒక కారణం. ఆమెకు ఈత రావడం అసలు కారణం. సెలవుల్లో అమ్మమ్మగారి ఊళ్ళో మేనమామ కాలవలో హేమకు ఈత నేర్పాడు. రూపకు చిన్నప్పటి నుంచీ చెవిలో చీము. నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పాడు. అక్క ఈదుతుంటే చెల్లెలు చెవిలో దూది పెట్టుకుని గట్టు మీద అక్క గౌను పట్టుకుని కూర్చునేది. కౌంటరు వెనక తొట్టిలో హేమ చేపపిల్లలా ఇటునుంచి అటు ఈదింది. నా సున్నాలో నీలం ముద్ర పడింది. రెండు జడల హేమ ఫొటో గడిలో అంటించి, వేడివేడిగా ప్లాస్టిక్ తొడుగు వేసి, మెడలో వేసుకోవడానికి రిబ్బను కట్టారు. హేమ నన్ను చూసుకుని ముద్దుపెట్టుకుంది. ఆ రోజు నాకు మనుషులంటే ఇష్టమే ఉండేది.

తన వారం వచ్చినప్పుడు రూప కూడా రెండు జడలు వేసుకోవాలి. దానికితోడు తండ్రి ఒక పాఠం చెప్పాడు. “గేటు దగ్గర గానీ లోపల గానీ ఎవరేమడిగినా అవును అను. నీ పేరు హేమా అంటే అవును. అయిదో క్లాసా అంటే అవును. అంతకుమించి నోరు విప్పకు. తెలిసిందా?” రూప నెమ్మదస్తురాలు. చెప్పిన మాట జవదాటని పిల్ల. అక్కాచెల్లెళ్ళు దాన్నొక ఆట చేసుకున్నారు. హేమ వసారాలో పీట వేసుకుని గేటు మనిషిలా కూర్చునేది.

“నీ పేరు హేమేనా?”

“అవును.”

“నీకు మీసాలున్నాయా?”

“అవును.”

“నీకు పెళ్ళయిందా?”

“అవును, అవును!” అని రూప పొట్ట పట్టుకుని నవ్వేది.

అలా ఇద్దరి మెడల్లోనూ నేను ఊగాను. హేమ ఆదివారాల్లో జారుడు గొట్టాలు, ఆపైన అలలు మొదలవుతాయని సైరను మోగగానే తాడు దాటి లోతులోకి దూకుడు. రూప ఆదివారాల్లో బుల్లి రైలు, జెయింట్ వీలు, కొలను అంచున పాదాలు తడుపుకోవడం. పిల్లతో వచ్చిన ఒక పెద్దమనిషిని నామమాత్రపు రుసుముతో లోపలికి రానిచ్చేవారు గనక శేషగిరి రేకుల నీడలో బెంచీ మీద కూర్చునేవాడు. నాలుగుసార్లు పూర్తయిన రోజున అతని మొహం చూడాల్సింది. అయిదోసారి నుంచి పార్కు మీద గెలిచినవాడిలా నడిచేవాడు. డిపోలో డ్రైవర్లతో గొప్పలు చెప్పుకున్నాడని కూడా విన్నాను.

తాడవతల ఏముంటుందని రూప ఇంటికి వచ్చాక అక్కను అడుగుతూ ఉండేది. “అలలు అక్కడే పుడతాయే. మన కాళ్ళ దగ్గరకొచ్చేవి ముసలివై వస్తాయి” అనేది హేమ. కోతలు కోయడంలో హేమను మించినవాళ్ళు లేరు. తాడవతల నీళ్ళు వేరే రంగులో ఉంటాయని, కాళ్ళకింద నేల ఉండదని, ఎగిరినట్టు ఉంటుందని చెప్పేది. రూప కళ్ళింత చేసుకుని వినేది.

అది మే నెలలో ఒక ఆదివారం. రూప వంతు. వకుళ ఆమె చెవిలో దూది సర్ది, రెండు జడలు వేసి, నన్ను మెడలో తగిలించి పంపింది. ముందురోజు డబుల్ డ్యూటీ చేసిన శేషగిరి బెంచీ మీద కూర్చోగానే కునుకు తీశాడు. పార్కంతా జనం. సైరను మోగింది. పిల్లలందరూ కొలనువైపు పరుగెత్తారు, రూప కూడా పరుగెత్తింది. పాదాలు తడుపుకుంది, మోకాళ్ళు తడుపుకుంది, తాడు దాకా వెళ్ళి దాన్ని పట్టుకుని నిలబడింది. దగ్గరలో మెడలో ఈల వేసుకున్న కాపలా మనిషి ఉన్నాడు. అతను నన్ను ఎత్తి చూశాడు. నీలం ముద్ర కనబడింది.

“హేమా నీ పేరు?”

“అవును.”

“ఈతొచ్చా పాపా?”

రూప గుండె నాకు తెలిసింది. ఎవరేమడిగినా అవును అనమని నాన్న చెప్పాడు. అలలు ఎక్కడ పుడతాయో చూడాలని ఆమెకూ ఉంది.

“అవును.”

అతను తాడు ఎత్తి పట్టుకున్నాడు. నేను నీళ్ళలో తేలే వస్తువును. కానీ నా రిబ్బను ఆమె మెడలో ఉంది. ఆమెతోపాటు నేనూ కిందికి వెళ్ళాను.

ఆ తరువాతి సంగతి నేను చెప్పలేను, చెప్పను. మళ్ళీ వెలుతురు చూసేసరికి రూపను గట్టు మీద పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ జనం. కాపలా మనిషి గుండెలు బాదుకుంటున్నాడు. “పాసు మీద ఈత ముద్ర ఉంది సార్. నోటితో అడిగాను కూడా. అవునంది సార్” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. సందడికి మెలకువ వచ్చి, ఏం జరిగిందో చూద్దామని అందరిలాగే వచ్చిన శేషగిరి ఆ మాట విన్నాడు. విన్న తరువాత పిల్లను చూశాడు. ఒక్క అరుపు అరిచి కూలబడి, ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాడు.

కాసేపటికి పోలీసు కానిస్టేబులు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. “పాప పేరేంటండీ?” అని మెల్లగా అడిగాడు.

శేషగిరి నావైపు చూశాడు. ఒకరి పాసు మీద ఇంకొకరు ప్రయాణం చేస్తే ఏమేం అడుగుతారో అతనికి తెలియంది కాదు. ఎప్పుడైనా పట్టుబడినవాళ్ళను తనే అలా అడిగి బస్సు దింపేశాడు. రూప అంటే, మరి ఈ పాసేమిటని రెండో ప్రశ్న వస్తుంది. ఈతరాని పిల్ల మెడలో ఈత ముద్ర ఎవరు వేలాడదీశారని మూడోది వస్తుంది. ఆ వరస ఎవరి దగ్గరకు వచ్చి ఆగుతుందో అతనికి అక్కడే, ఆ తడిసిన జడలు చేతిలో ఉండగానే తెలిసిపోయింది. అతను పథకం వేసుకుని అబద్ధం ఆడాడని నేననుకోను. ఆ మూడో ప్రశ్నకు అప్పుడు తట్టుకోలేకపోయాడు, అంతే.

“హేమ” అన్నాడు.

కానిస్టేబులు నన్ను చూసి, అక్షరాలు సరిచూసుకుని రాసుకున్నాడు. మనిషి మాట, పాసు మాట ఒకటే అయినప్పుడు ఇక ఎవరికి అనుమానం వస్తుంది!

ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి రూపను ఇంటికి తెచ్చారు. నన్ను కూడా కాగితాలతోపాటు ఒక కవరులో పెట్టి శేషగిరి చేతికిచ్చారు. కన్నతల్లికి జడలతో పనిలేదు. వకుళ ఒక్కసారి చూసి “రూపా!” అని మీద పడిపోయింది. శేషగిరి ఆమెను పట్టుకుని చెవిలో నోరు పెట్టాడు. అతని చొక్కా జేబులో ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. “హేమ. హేమ అని ఏడు. నీకు దణ్ణం పెడతాను, హేమ అని ఏడు.”

వకుళ అతని మొహంలోకి చూసింది. ఆమెకు అర్థం కావడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. పాపం, దుఃఖంలో ఏ పిల్ల పేరో కూడా తెలియడం లేదు తల్లికి అని చుట్టుపక్కల ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

హేమ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చెల్లెలి పేరు పెట్టి అందరూ తననే ఎందుకు దగ్గరకు తీసుకుంటున్నారో ఆ పిల్లకు తెలియలేదు. “రూపా, నువ్వు లోపలికి పో తల్లీ” అన్నాడు తండ్రి. ఎవరిని పిలుస్తున్నాడా అని ఆమె వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. మర్నాడు పొద్దున వకుళ ఆ పిల్ల రెండు జడలూ విప్పి ఒంటిజడ వేసింది.

“నేను హేమను కదమ్మా” అంది హేమ.

“అవునమ్మా. కొన్నాళ్ళు ఊరుకో. నాన్న చెప్పేదాకా ఊరుకో.”

ఆ కొన్నాళ్ళు అన్న మాట ఎంత పొడుగ్గా సాగుతుందో అప్పుడు వకుళకు తెలిసి ఉండదు. ఈత వచ్చిన పిల్ల మునిగిపోయిందంటే తప్పు పార్కుదేనని తేల్చారు. ఆ కాపలా మనిషిని ఉద్యోగంలోంచి తీసేసి కేసు పెట్టారు. అతను చెప్పింది అక్షరాలా నిజమని శేషగిరికి తెలుసు. పాసు ఉన్నవాళ్ళకు బీమా ఉంటుందట. పార్కువాళ్ళు తలలు వంచుకుని వచ్చి ఆ డబ్బు ఇచ్చి వెళ్ళారు. శేషగిరి దాన్ని రూప పేరు మీద బ్యాంకులో వేశాడు. హేమ చనిపోయినట్టు మునిసిపల్ ఆఫీసు ధ్రువపత్రం ఇచ్చింది.

“నా బిడ్డ పేరు నా బిడ్డకిచ్చెయ్యండి” అని వకుళ రోజూ పోరేది.

“ఇస్తే ఏమవుతుందో తెలుసా? నన్ను తీసుకుపోతారు. పైగా ఊరంతా ఏమంటారు? కక్కుర్తితో కూతుర్ని చంపుకున్నాడంటారు. అన్నా పడతాను. కానీ రూప తిరిగొస్తుందా? గొడవ చల్లారనీ, అన్నీ సరిచేస్తాను.”

గొడవ చల్లారింది. ఏదీ సరి కాలేదు. బడి తెరిచాక హేమ చెల్లెలి సెక్షనులో, చెల్లెలి బెంచీలో, చెల్లెలి స్నేహితురాళ్ళ మధ్య కూర్చుంది. రూప బాగా పాడేది. ప్రార్థన పాడమని టీచరు పిలిస్తే హేమ గొంతు అపశ్రుతులు పలికింది. అక్క పోయిన బెంగతో పిల్ల గొంతే పోయిందని టీచరు కన్నీళ్ళు పెట్టుకుని, ఇక ఎప్పుడూ పాడమనలేదు. లెక్కల్లో ఒక్కసారిగా మార్కులు పెరిగితే మాత్రం, అక్క ఆశీస్సులన్నారు. మనుషులు చూడదలచుకోని దానికి కారణాలు వెతుక్కోవడంలో ఎంత చురుకైనవాళ్ళో నాకు అప్పుడే తెలిసింది.

పోయినవాళ్ళకు పటం కట్టించాలి కదా. స్టూడియోవాడు నా మీది ఫొటోనే పెద్దది చేసి ఇచ్చాడు. అందులో ఉన్నది హేమ. రెండు జడలతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. దానికి దండ వేసి గోడకు తగిలించారు. నన్ను ఆ పటం వెనక అట్టకూ గోడకూ మధ్య దోపాడు శేషగిరి. ముఖం గోడవైపే ఉన్నా ఆ గదిలో జరిగేవన్నీ నాకు తెలుస్తూనే ఉండేవి. ఆ రోజు నుంచి ఆ పిల్ల దండ వేసిన తన ఫొటో కిందే కూర్చుని హోంవర్కు చేసుకునేది.

వాళ్ళిళ్ళలో దసరా ముందు వచ్చే పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్ళకు బట్టలు పెట్టడం ఆనవాయితీ. పటం ముందు విస్తరి వేసి, కొత్తబట్టలు పెట్టి, పోయినవాళ్ళను పేరు పెట్టి పిలవాలి. పిలిస్తేనే వాళ్ళు వచ్చి అందుకుంటారట. ఆ తరువాత ఆ బట్టలు ఇంట్లో ఎవరికి సరిపోతే వాళ్ళు కట్టుకోవాలి. ఆ ఏడాది శేషగిరి అక్క సుభద్రమ్మ గుడివాడ నుంచి వచ్చి దగ్గరుండి చేయించింది. గులాబీరంగు పరికిణీ పటం ముందు పెట్టారు.

“పిలువు వకుళా” అంది సుభద్రమ్మ.

వకుళ పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఆమెకు పిలవాలని ఉన్న పేరు వేరు.

“తల్లివి నువ్వు పిలవకపోతే ఆ పిల్ల ఆకలితో తిరిగిపోతుందే. పిలువు.”

“హేమా... వచ్చి తీసుకో తల్లీ” అంది వకుళ.

“ఆఁ, వస్తున్నానమ్మా” అని లోపలిగదిలోంచి హేమ పరుగెత్తుకొచ్చింది.

ఎన్నో నెలల తరువాత అమ్మ తన పేరు పెట్టి పిలిచింది. ఇక అంతా అయిపోయిందని, అమ్మ చెప్పిన ఆ కొన్నాళ్ళు తీరిపోయాయని ఆ పిల్ల అనుకున్నట్టుంది. దాని మొహంలో ఎంత సంతోషమో! శేషగిరి లేచి ఆ చెంప ఛెళ్ళుమనిపించాడు. అంతకుముందు అతను పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు.

“కొట్టకురా! అది రూప కాదురా ఇప్పుడు” అని సుభద్రమ్మ అడ్డం పడింది. ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. చేతులు జోడించి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. “ఎవరు తల్లీ నువ్వు? చెప్పమ్మా.”

“హేమని అత్తా” అంది పిల్ల ఏడుస్తూ. “నేను హేమనే. చచ్చిపోయింది రూప.”

ఆ ఇంట్లో నిజం పైకి రావడం అదొక్కసారే. సుభద్రమ్మ లెంపలు వేసుకుంది. వచ్చిన చుట్టాలందరూ చేతులు జోడించారు. పోయిన పిల్ల చెల్లెలి మీదికి వచ్చి మాట్లాడిందని, తాను పోయినట్టు కూడా దానికి తెలియడం లేదని ముక్కున వేలేసుకున్నారు. హారతి ఇచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. శేషగిరీ వకుళా ఆ పొగలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేక నిలబడ్డారు. అప్పుడు వకుళ ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. ఎందుకు చెప్పలేదని నాకు ఇప్పటికీ ఆమె మీద కోపమే. సుభద్రమ్మ వెళ్ళే ముందు ఎవరి దగ్గరో మంత్రించిన తాయెత్తు తెప్పించి పిల్ల జబ్బకు కట్టింది. హేమ ఇక దీని మీదికి రాకుండా కాపాడుతుందని చెప్పి, ఎన్నడూ విప్పవద్దంది.

ఆ పరికిణీ ఆ సాయంత్రం హేమే కట్టుకుంది. సరిగ్గా సరిపోయింది. ఆ తరువాత ఆ పిల్ల ఎదురు చెప్పడం మానేసింది. నా గడువు ముగిసేవేళకు పార్కు నుంచి ఒక కార్డు వచ్చింది. చావు సంగతి తెలిసిన ఆఫీసు వేరు, కార్డులు పంపే ఆఫీసు వేరు కాబోలు. “ప్రియమైన హేమా, మీ పాసును మళ్ళీ తీసుకుంటే ప్రత్యేక తగ్గింపు” అని రంగురంగుల్లో ఉందట. గుమ్మంలో పోస్టుమాను అడగడం వినబడింది.

“హేమ ఎవరు పాపా?”

“మా అక్క. చచ్చిపోయింది” అంది హేమ.

ఆ మాట ఎవరూ అనిపించకుండా తానుగా అనడం అదే మొదలు. తరువాత అంతా మామూలైపోయింది. పదో తరగతి పరీక్షలకు ఆమె పేరు రూప అని వెళ్ళింది, కాలేజీలో రూప అని చేరింది. ఏటా పెద్దల అమావాస్యకు పటం ముందు కొత్తబట్టలు పెట్టేవారు. వకుళ గొణుగుతున్నట్టు పిలిచేది, ఆ తరువాత ఆ బట్టలు ఆ పిల్లే కట్టుకునేది. పార్కు మూతపడిందని, అక్కడ ఇళ్ళ స్థలాలు వేశారని ఇంట్లో అనుకుంటుంటే విన్నాను. శేషగిరి ఆ దారిన వెళ్ళే బస్సు ఎక్కడం ఎప్పుడో మానుకున్నాడు. అన్నీ సరిచేస్తానన్న మాట మాత్రం చివరిదాకా అతని నోట్లోనే ఉంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, వకుళ ఎదురుగా వచ్చినప్పుడల్లా పటంవైపు చూసి కన్నీళ్ళు పెట్టుకునేవాడు. ఆ ఏడాది ఎండాకాలంలోనే పోయాడు.

కర్మకాండ అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం ఇంట్లో తల్లీ కూతురూ మిగిలారు. కూతురు కిటికీ దగ్గర కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతోంది. వకుళ ఆమె వెనక చాలాసేపు తచ్చాడింది. ఇక భయపడాల్సింది ఎవరి కోసం? తీసుకుపోవడానికి మనిషే లేడు. ఊరు ఏమన్నా తనను అంటుంది, పడతాను అని ఆమె నిశ్చయించుకుంది కాబోలు. గొంతు సవరించుకుంది. గోడకు ముఖం పెట్టుకుని ఉన్న నేను కూడా అటే చెవి పెట్టాను. ఇన్నేళ్ళూ ఆ పేరు నా ఒంటి మీద చెక్కుచెదరకుండా ఉంది. ఇచ్చేస్తే ఆ పిల్లది ఆ పిల్లకు చేరుతుందని నాకు ఎంత ఆశ కలిగిందో చెప్పలేను.

“హేమా” అని పిలిచింది వకుళ.

బట్టలు మడతపెట్టే చేతులు ఆగలేదు.

“హేమా” అంది మళ్ళీ, ఇంకొంచెం దగ్గరగా వెళ్ళి.

కూతురు తలెత్తి, తల్లివైపు కాకుండా గోడ మీది పటంవైపు చూసింది.

“అక్కకి పొద్దున్నే దీపం పెట్టేశానమ్మా” అంది.

వకుళ మళ్ళీ పిలవలేదు.